కత్తెర ఎవరి చేతిలో వున్నది?

మా కాలేజీ గ్రంథాలయం ముందు నాలుగు రాతిమెట్లు వున్నాయి. పాతబస్తీలో తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ని నేను. సాయంత్రం చివరి గంట కొట్టాక ఆ మెట్లు దిగి మదీనా చౌరస్తా వైపు చాయ్‌కి నడవడం నా అలవాటు. కిందటి చలికాలంలో ఒకనాడు ఆ మెట్లమీద పెద్ద రగడ జరుగుతున్నది. పదిమంది విద్యార్థులు, అందులో ఎక్కువమంది ఆడపిల్లలు, ఒకరి మాట ఒకరు వినకుండా వాదించుకుంటున్నారు. స్కాలర్‌షిప్పు బకాయిల గొడవ కాబోలుననుకున్నాను. పరీక్ష ఫీజుల గొడవ కాబోలుననుకున్నాను. రెండూ కాదు. చైనావాళ్లు భాగాలు భాగాలుగా తీసిన ఒక ప్రేమకథా నాటకం తన మూలనవలకు ఎంతవరకు విధేయంగా వున్నదన్నది వాళ్ల తగాదా!

నిలబడి విన్నాను. ఆ నాటకం ఇంగ్లీషు పేరు 'ది స్టోరీ ఆఫ్ మింగ్‌లాన్'. 2018 డిసెంబరులో చైనాలో ప్రసారం మొదలైంది, 73 భాగాలు. గ్వాన్ షిన్ జె లువాన్ అనే కలంపేరుగల రచయిత్రి నవల దానికి ఆధారం. మన వారపత్రికల్లో సీరియళ్లు వచ్చినట్టుగా ఆ నవల ఇంటర్నెట్టులో అధ్యాయం తర్వాత అధ్యాయంగా వెలువడింది. మా పిల్లలు నాటకాన్ని ఇంగ్లీషు ఉపశీర్షికలతో ఫోనులో చూశారు. నవలను అభిమానులే కూలి లేకుండా చేసిపెట్టిన ఇంగ్లీషు అనువాదంలో చదివారు.

తగాదాలో మూడు పక్షాలు కనిపించాయి. మొదటి పక్షానికి మూలం పవిత్రం. రచయిత్రి రాసినదాంట్లో ఒక్క సంఘటన తప్పినా అది ద్రోహమే. రెండో పక్షం, పుస్తకం వేరు, తెర వేరు, రెండింటినీ ఒక త్రాసులో తూచడమే తప్పు అంటుంది. మూడో పక్షానికి నాయికా నాయకులు చక్కగా వుండి, చివరకు కలుసుకుంటే చాలు. మూడు పక్షాలూ అరుచుకుంటున్నాయి. అప్పుడు బి.ఏ. రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి, ఇంట్లో ఉర్దూ మాట్లాడేది, బడిలో తెలుగు నేర్చినది, నా వైపు తిరిగి అడిగింది: "బయటికెల్లి వచ్చిన ఆ పిల్లను తీసేసినంక, ఆ ఇల్లు తప్పని చెప్పెటోళ్లు ఎవరున్నరు సార్?"

ఆ ప్రశ్న ఏమిటో తర్వాత చెబుతాను. ముందు ఆ సాయంత్రం నాకు తగిలిన దెబ్బ చెప్పాలి.

హోటల్లో నాకోసం ఒక పెద్దమనిషి ఎదురుచూస్తున్నారు. నలభై ఏళ్లు ఉపాధ్యాయ సంఘంలో పనిచేసినవారు. నాకు అక్షరం చెప్పకపోయినా ఆలోచన నేర్పినవారు. ఆలస్యానికి కారణం చెప్పగానే ఆయన పకపకా నవ్వారు. "ఏమయ్యా, ఊళ్లె గిన్ని కష్టాలుండంగ, రాజుల కాలంనాటి జమీందారు ఇండ్లల్ల ఎవరు ఎవర్ని పెండ్లి చేసుకున్నరో పిల్లలు కొట్లాడుకుంటుంటే నువ్వు నిలబడి వింటున్నవా? పుస్తకమూ సరుకే, నాటకమూ సరుకే. ఒక సరుకు ఇంకో సరుకు లెక్క లేదని ఏడ్చుడు అభ్యుదయమెట్లయితది?" అన్నారు.

"అన్నా, మీరు నవ్వుతున్నది వాళ్లను కాదు, మన పనిని" అన్నాను. అక్కడ చెప్పలేకపోయిన మిగతా జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆయనకు చదివి వినిపించే ఇది పంపుతున్నాను గనుక చాటుమాటు మాట కాదు.

మొదటి సంగతి. సరుకు అని పేరు పెట్టినంతమాత్రాన విమర్శకుడి బాధ్యత తీరదు. లక్షలాదిమంది తమ రాత్రి నిద్రను ధారపోసి చూస్తున్నదాన్ని సరుకని తోసిపుచ్చడం తేలిక. ఆ సరుకులో మనిషి దేనికోసం వెతుకుతున్నాడో చూడటం కష్టం. పైగా ఆ మెట్లమీద నేను విన్నది పనికిరాని ముచ్చట కాదు. నవలలో ఏది వున్నది, నాటకంలో ఏది లేదు, లేనందువల్ల పాత్ర ఎలా మారింది అని వాళ్లు పంక్తి పంక్తీ ఎదురెదురుగా పెట్టి చూస్తున్నారు. నేను ఏడాదంతా పాఠం చెప్పే ప్రబంధంమీద వాళ్లలో ఒక్కరూ ఇంత శ్రద్ధ చూపలేదు. ఆ లోపం ప్రబంధానిది కావచ్చు, నాది కావచ్చు. పిల్లలకు విమర్శనాశక్తి లేదన్న మాట మాత్రం అబద్ధం. శక్తి వున్నది. అడగవలసిన ప్రశ్న దగ్గర వాళ్లు దారి తప్పుతున్నారు. దారి చూపవలసిన మనం నవ్వుతున్నాము.

దారి తప్పడమంటే ఏమిటి? ఎంత మారింది అని కొలవడం. పది సంఘటనలు మారాయా, ఇరవై మారాయా అని లెక్కపెట్టడం. మార్పు ఎటు నడిచింది, ఎవరి ఆజ్ఞమీద నడిచింది, దానివల్ల ఎవరి నోరు మూతపడింది అన్నది అసలు ప్రశ్న. ఆ అమ్మాయి ఒక్కతే ఆ ప్రశ్న అడిగింది.

ఆమె అడిగినదాన్ని విప్పి చెబుతాను. మూలనవలలో నాయిక నేటి చైనాలో పుట్టిన మనిషి. న్యాయస్థానంలో గుమాస్తా. కొండచరియలు విరిగిపడి చనిపోయి, కళ్లు తెరిచేసరికి పాతకాలపు ఒక ఉద్యోగి ఇంట్లో ఉపపత్ని కడుపున పుట్టిన చిన్నపిల్ల శరీరంలో వుంటుంది. ఆ పిల్ల పేరే మింగ్‌లాన్. పరదాల వెనక బతుకు, పెద్దభార్య ముందు మోకరిల్లడం, తండ్రి ఒక్క మాటతో తేలిపోయే ఆడపిల్ల జీవితం, వీటన్నిటినీ జీతం తెచ్చుకొని చట్టం చదువుకున్న ఆడదాని కళ్లతో మనం చూస్తాము. నాటకం ఆ కన్నును పీకేసింది. నాటకంలోని మింగ్‌లాన్ ఆ కాలంలోనే పుట్టి ఆ ఇంట్లోనే పెరిగిన పిల్ల. నవలలో ఊహారాజ్యంగా వున్న కాలాన్ని కూడా నాటకం తెచ్చి సోంగ్ వంశపు చరిత్రలో నిలబెట్టింది. దుస్తులు, పాత్రలు, మర్యాదలు ఎంత శ్రద్ధగా తీర్చిదిద్దారంటే చూసేవాళ్లకు కన్ను తిప్పుకోవాలనిపించదు. ప్రమాదం అక్కడే వున్నది. ఆ ఇంటిని బయటినుంచి చూసే మనిషి పోయింది గనుక ఇల్లు తప్పుగా కనబడదు. ఇంట్లో కొందరు దుర్మార్గులు మాత్రమే కనబడతారు. వాళ్లను యుక్తితో గెలిచి, ఓర్పుతో నెగ్గి, మంచి ఇల్లాలుగా ఆ ఇంటిని చక్కబెట్టుకోవడమే విజయమవుతుంది.

ఎందుకు తీసేశారు? 2011లో చైనా ప్రసార నియంత్రణ శాఖ, కాలం దాటి వెనక్కి పోయే కథలు చరిత్రను చులకన చేస్తున్నాయని మందలించింది. నాటినుంచి నిర్మాతలు అటువంటి కథలను జంకుతూనే ముట్టుకుంటున్నారు. ఆ నీడ ఈ నాటకంమీద కూడా పడిందనుకోవడం అన్యాయం కాదు.

మూలవిధేయుల పక్షానికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మూలనవల విప్లవ గ్రంథమేమీ కాదు. నేటి స్త్రీ పాతకాలపు ఇంట్లో పడి, తిరగబడకుండా, తలవంచి నేర్పుగా బతకడమే దాని కథ. ఆ కన్ను చూస్తుంది గాని చెయ్యి లేవదు. కనుక మూలాన్ని పూజించవలసిన పని లేదు. ఐతే చూసే కన్నుకూ, అసలు కన్నే లేకపోవడానికీ తేడా వున్నది. చూసేవాళ్లు ఏనాటికైనా లేస్తారు. ఆ భయంతోనే కత్తెర కంటిమీద పడుతుంది.

చైనా సాహిత్యానికి ఈ పెద్దిల్లు కొత్త కాదు. బా జిన్ రాసిన 'కుటుంబం' నవల 1933లో పుస్తకంగా వచ్చింది. అందులోనూ తాతగారి మాట శాసనమైన ఉమ్మడి ఇల్లు వున్నది. దాసీపిల్ల మింగ్‌ఫెంగ్‌ను ముసలివాడికి ఉపపత్నిగా ఇవ్వబోతే ఆమె కొలనులో పడి చనిపోతుంది. పెద్దన్న జ్యూఎషిన్ తలవంచి తలవంచి తాను ప్రేమించిన స్త్రీనీ పోగొట్టుకుంటాడు, తనను ప్రేమించిన భార్యనూ పోగొట్టుకుంటాడు. చివరకు తమ్ముడు జ్యూఎహుయ్ ఇల్లు విడిచి షాంఘైకి పోతాడు. ఒక తరం చైనా యువకులకు ఆ గడప దాటడమే చదువయింది. 1933 నాటి నవలలో కుర్రవాడు ఆ ఇంటినుంచి బయటపడ్డాడు. 2018 నాటి నాటకంలో ఆడపిల్ల ఆ ఇంటి తాళాలగుత్తి సంపాదించుకున్నది. మధ్యలో ఒక మహావిప్లవం జరిగింది. ఇది చూసి దుఃఖపడవలసినవాళ్లు ఎవరు? మనం కాదా?

ఇదే 'కుటుంబం' మూలవిధేయతమీద మరో పాఠం కూడా చెబుతుంది. 1942లో త్సావ్ యూ దాన్ని రంగస్థల నాటకంగా మలిచాడు. నవలకు గుండెకాయ వంటి తిరుగుబాటు తమ్ముణ్ని పక్కకు జరిపి, పెద్దన్న, అతని భార్య, అతను పోగొట్టుకున్న ప్రేయసి, ఈ ముగ్గురి వేదనను మధ్యకు తెచ్చాడు. సంఘటనల లెక్కలో అది అవిధేయతే. కాని ఆ ఇల్లు మనుషుల్ని చంపుతున్నదన్న మాటను అతను తుడిచెయ్యలేదు. మంచివాళ్లను కూడా ఎలా చంపుతున్నదో ఇంకా దగ్గరగా చూపాడు. కథ మారింది గాని ప్రశ్న మిగిలింది.

మన దగ్గరే ఇంతకన్న గొప్ప సాక్ష్యం వున్నది. కృషణ్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' తెలంగాణా రైతాంగ పోరాటం గురించి రాసినది. తెల్లవారితే ఉరికంబం ఎక్కవలసిన యువరైతు రాఘవరావు చివరి రాత్రి జ్ఞాపకాలుగా ఆ కథ నడుస్తుంది. దాని ఆధారంగా గౌతం ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన 'మా భూమి' 1980లో విడుదలైంది. అందులో రాఘవరావు పేరు లేదు, రామయ్య వచ్చాడు. చివరి రాత్రి చట్రం లేదు. పల్లెలో పసితనంనుంచి వరసగా నడుస్తుంది. సినిమా పేరు కూడా నవలది కాదు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసి, ప్రజానాట్యమండలి ఊరూరా ఆడిన నాటకం పేరు. సుద్దాల హనుమంతు పాట, బండి యాదగిరి పాట ఉర్దూ నవలలోనివి కావు. పల్లెల నోళ్లలోనుంచి తెరమీదికి వచ్చాయి. మూలవిధేయుల త్రాసులో పెడితే 'మా భూమి' అపరాధి. కాని ఏ తెలంగాణా మనిషి అయినా ఆ సినిమా నవలకు ద్రోహం చేసిందంటాడా? బొంబాయిలో వుండి ఉర్దూలో రాసిన రచయిత ఏ మనుషులకోసం తపించాడో, ఆ మనుషులు తమ మాటతో, తమ పాటతో వచ్చి అతని కథలో ఖాళీగా వున్న చోట్లు నింపారు. రామయ్య, చంద్రిల ప్రేమ కూడా విడిగా తీగసాగిన ముచ్చట కాదు. దొర గడీ నీడ పడి ఎండిపోయిన ప్రేమ. ఆ మార్పులన్నీ గడీకి ఎదురుగా నడిచాయి. మింగ్‌లాన్ మార్పులు గడీ లోపలికి నడిచాయి. రెండూ మార్పులే. తేడా దిక్కులో వున్నది.

ఇక మా పెద్దమనిషి లేవదీసిన రెండో మాట. ఆ సాయంత్రం నవ్వు అయిపోయాక నేను ఇంకో నాటకం ఎత్తాను. అందులో కోత ఇంకా బాహాటంగా వున్నది. 'ది అన్‌టేమ్డ్' పేరుతో 2019లో వచ్చింది, 50 భాగాలు. మోషియాంగ్ తోంగ్‌షియు అనే రచయిత్రి నవల మూలం. నవలలో ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకొని దంపతులవుతారు. నాటకంలో వాళ్లు ప్రాణస్నేహితులు. చైనాలో ఇటువంటి కోతకు అభిమానులు వెటకారంగా పెట్టుకున్న పేరు ఏమిటో తెలుసునా? "సోషలిస్టు సోదరభావం!" ఈ మాట విన్నప్పుడు మా పెద్దాయన నవ్వలేదు. చాయ్ కప్పు కింద పెట్టి, "యువకులను చెడగొట్టే సరుకును అక్కడి సర్కారు అడ్డుకుంటే మనకేంది నొప్పి? మన పార్టీ వాళ్లు కాకపోయినా జెండా అయితే మనదే కదా" అన్నారు.

ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పింది ఆ వాక్యం.

అక్కడి సర్కారు ఏమి అడ్డుకున్నదో చూద్దాం. నాటకం తీయనిచ్చింది. అందులోని ప్రేమను మాత్రం తీయించింది. ఆ నాటకాన్ని ప్రసారం చేసిన కంపెనీ, చివరి భాగాలను అందరికన్న ముందు చూడదలచినవాళ్ల దగ్గర అదనంగా 30 యువాన్లు వసూలు చేసింది. ఏ ప్రేమనైతే కత్తిరించారో ఆ ప్రేమ చివరకు ఎక్కడైనా తొంగిచూస్తుందేమోనన్న ఆశనే అమ్ముకున్నారు. ఇందులో సోషలిజం ఎక్కడ వున్నది? అధికారి కత్తెర, వ్యాపారి గల్లాపెట్టె ఒకే బల్లమీద వున్నాయి. అటువంటి ముందస్తు వసూళ్లమీద జనం గోల పెట్టాక 2021 అక్టోబరులో పెద్ద కంపెనీలు వాటిని మానుకున్నాయి. కాని కత్తెర మానలేదు. అంతకు ముందు నెలలోనే ఆడంగి పోకడల మగవాళ్లను తెరమీద చూపరాదని ప్రసార నియంత్రణ శాఖ ఆదేశించింది. తెర సంగతి అలా వుంచండి. అచ్చుపుస్తకానికే దిక్కులేని రోజు వచ్చింది. ఇద్దరు మగవాళ్ల శృంగారాన్ని నవలగా రాసి సొంతంగా అచ్చువేసి అమ్ముకున్న ఒక రచయిత్రికి 2018లో వూహూ కౌంటీ న్యాయస్థానం పదేళ్ల ఆరు నెలల జైలుశిక్ష వేసింది. అదే సంవత్సరం సెప్టెంబరులో మన సుప్రీంకోర్టు, వయసువచ్చిన మనుషుల ఇష్టపూర్వకమైన ప్రేమ నేరం కాదని 377వ సెక్షను కోరలు పీకింది. ఇది చెప్పి మనం పొంగిపోనక్కరలేదు. మన బూర్జువా న్యాయస్థానం గుర్తించిన మానవత్వాన్ని ఎర్రజెండా కట్టుకున్న రాజ్యం గుర్తించకపోతే, సిగ్గుపడి చెప్పవలసింది మనమేనని అంటున్నాను.

నాటకం తీసినవాళ్లను తిట్టడం నా ఉద్దేశం కాదు. కత్తెర కింద కూర్చుని వాళ్లు చేయగలిగింది చేశారు. మాటల్లో చెప్పనివ్వని దాన్ని చూపుల్లో, వేణువులో దాచిపెట్టారు. మా పిల్లలు ఆ దాపరికాన్ని పసిగట్టి మెచ్చుకుంటున్నారు. కాని దాచుకోవలసి రావడాన్ని కళగా పొగిడేవాళ్లను చూస్తే నాకు భయం. సంకెల మోత విని తాళం బాగున్నదనడం రసికత కాదు.

"మన సంప్రదాయంలో ఇవి లేవు" అంటారా? మన సంప్రదాయం ఏమిటో ఈ హైదరాబాదే చెబుతుంది. 1945లో ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ ఇక్కడ జరిగింది. ఆ ప్రయాణం గురించే కృషణ్ చందర్ 'పౌదే' రాశాడు. అప్పటికి మూడేళ్ల కిందట ఇస్మత్ చుగ్తాయి 'లిహాఫ్' అచ్చయింది. నవాబుగారి జనానాలో ఒంటరి అయిన బేగం కథ అది. ఆ కథమీద లాహోరులో అశ్లీలమని కేసు పెట్టారు. ఊరంతా అభ్యుదయ రచయితల్ని బూతు రచయితలంటున్నది. సంఘం పరువు కాపాడుకోవాలని కాబోలు, అశ్లీలాన్ని ఖండిస్తూ మహాసభలో ఒక తీర్మానం పెట్టారు. దాన్ని వ్యతిరేకించి లేచిందెవరు? గడ్డం పెంచిన మౌలానా, హజ్ యాత్రలు చేసినవాడు, 1925లో కాన్పూరు కమ్యూనిస్టు మహాసభకు ఆహ్వానసంఘాధ్యక్షుడు, హస్రత్ మొహానీ. తీర్మానం నిలవలేదు. మన సంఘం చేతికి కత్తెర ఇవ్వబోతే, నమాజు తప్పని ఒక ముసలి కవి అడ్డుపడి దాన్ని పక్కన పెట్టించాడు. అది మన వారసత్వం. ఈ ఊళ్లోనే, సిటీ కాలేజీలో ఒకప్పుడు ఉర్దూ పాఠం చెప్పిన మఖ్దూం, కూలీల సంఘాన్నీ ప్రేమ కవిత్వాన్నీ ఒక్క చేత్తోనే పట్టుకున్నాడు. ఆయన వారసులమని చెప్పుకొంటూ, ప్రేమను కత్తిరించే చేతికి జెండా చూసి సలాము చేస్తామా?

ఇదంతా చైనా గొడవ, మనది స్వేచ్ఛా విపణి, ఇక్కడ కత్తెర లేదు అని కొందరు సంతోషపడవచ్చు. వాళ్లకూ ఒక జ్ఞాపకం. యద్దనపూడి సులోచనారాణి 'మీనా' నవలను విజయనిర్మల 1973లో అదే పేరుతో సినిమా తీసింది. పుస్తకం పేరూ రచయిత్రి పేరూ చెప్పుకొనే తీసింది. 2016లో త్రివిక్రం 'అ ఆ' వచ్చింది. చూసిన మొదటివారంలోనే ఇది 'మీనా' కథ కదా అని జనం పట్టేశారు. పట్టినవాళ్లు విమర్శకులు కారు. ఒకప్పుడు అద్దె పుస్తకాల దుకాణంనుంచి రోజుకు ఇంత అని ఇచ్చి ఆ నవల తెచ్చుకొని, వంట అయ్యాక చదువుకున్న ఆడవాళ్లు. తెరమీద ఆమె పేరు ఏదీ అని అడిగారు. అడిగాక కృతజ్ఞత చేర్చారు. ఇక్కడ అధికారి కత్తెర లేదు, నిజమే. వ్యాపారి కత్తెర వున్నది. అధికారి ప్రేమను కత్తిరిస్తే వ్యాపారి రచయిత్రి పేరును కత్తిరిస్తాడు. ఆ పేరును తిరిగి అతికించింది మనం "ఆడవాళ్ల కాలక్షేపం" అని నవ్విన పాఠకులే. సులోచనారాణి 2018లో కన్నుమూశారు. ఆమె బతికి వుండగా ఆ చిన్న న్యాయం జరగడానికి కారణమైన ఆ పాఠకులముందు మన పత్రికల విమర్శకులు తలవంచాలి.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. పిల్లలు ఏ దేశపు నాటకం చూసి తగాదాపడినా, నవ్వి పోకండి. నిలబడండి. మూలం చెడిందని ఏడ్చేవాళ్లతో మూలాన్ని కూడా పరీక్షించమని చెప్పండి. తెర వేరు, పుస్తకం వేరు అని తప్పించుకునేవాళ్లతో, వేరే అయినా ఆ తేడా ఎవరికి లాభించిందో చూడమని చెప్పండి. చక్కగా వుంటే చాలుననేవాళ్లను, ఆ చక్కదనం వెనక ఏది తీసేశారో అడగండి. ఏది పోయింది? ఎవరు పొమ్మన్నారు? పోయాక ఎవరి తరఫున మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు? ఈ మూడూ అడగడం నేర్చినవాళ్లు రేపు పాఠ్యపుస్తకంలో ఒక పాఠం మాయమైనా అడుగుతారు, వార్తాపత్రికలో ఒక వార్త మాయమైనా అడుగుతారు. చైనా నాటకందగ్గర మొదలైతే ఏమి పోయింది?

విద్యార్థి మిత్రులకు ఇంకొక మాట. మూలానికి దాస్యం చేయకండి, తెరకూ చేయకండి. మీకు నచ్చిన కథలో మీ బతుక్కు జవాబు చెప్పే చోటు ఏదో వెతికి, దాన్ని ఎవరైనా కొట్టేస్తే కొట్లాడండి.

ఆ మెట్లమీద ప్రశ్న అడిగిన అమ్మాయి ఇంట్లో పెళ్లిమాటలు నడుస్తున్నాయని నాకు తర్వాత తెలిసింది. చదువు పూర్తి కానివ్వమని ఆమె అడుగుతున్నది; మంచి సంబంధమని పెద్దవాళ్లు అంటున్నారు. ఇంట్లో ఎవరూ దుర్మార్గులు కారు. అందరూ ఆమెను ప్రేమించేవాళ్లే. ఆ ఇంటిని బయటినుంచి చూసే ఒక్క కన్నుకోసం ఆమె ఒక చైనా నవలదాకా నడిచి వెళ్లింది. నాటకం వాళ్లు దాన్ని తీసేశారని తెలిసినప్పుడు ఆమెకు కలిగిన కోపం కాలక్షేపపు కోపం కాదు. ఇది తెలిశాక మా పెద్దమనిషికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్లను మన పత్రికకు రాయమను" అన్నారు. జెండా విషయంలో మాత్రం ఆయన పట్టు వదల్లేదు, నేనూ వదల్లేదు. ఆ తగాదా మా ఇద్దరి మధ్య ఇంకా నడుస్తూనే వున్నది.

అమ్మాయిని అడిగాను. రాస్తానన్నది. ఒక షరతు పెట్టింది: తనకు చెప్పకుండా ఒక్క వాక్యం కూడా కొట్టెయ్యకూడదట. సంపాదకులకు ఆ షరతును నా పూచీమీద విన్నవించుకుంటున్నాను.